బిగువు తెలిస్తేనే బువ్వ

యంత్రం ఊరికి చేరితే పని సగమే అయినట్టు. దాన్ని తిప్పే బెల్టును కాపాడుకోవడం మిగతా సగం. చింతలనార్ దారిలో ఆ రెండో సగానికే విలువెక్కువ.

ధాన్యం మిల్లు ఆగిపోవడానికి ఇంజిన్ చెడిపోనక్కర్లేదు. బొటనవేలంత వెడల్పున్న ఒక రబ్బరు బెల్టు తెగితే చాలు. ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది, డీజిల్ కాలుతూనే ఉంటుంది, హల్లర్ మాత్రం కదలదు. తెనాలిలోనో తాడేపల్లిగూడెంలోనో అయితే అది అరగంట ఆలస్యం. కుర్రాడు సైకిలెక్కి బజారుకు వెళ్ళి కొత్త బెల్టు తెచ్చేస్తాడు. ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా చింతలనార్ వంటి చోట అదే బెల్టు తెగితే లెక్క వేరు. బెల్టు ఖరీదు కొన్ని వందల రూపాయలే. దాని కోసం చేసే ప్రయాణం, పోయే కూలి, ఈలోగా రోకలి పట్టుకునే ఆడవాళ్ళ శ్రమ ఏ బిల్లులోనూ కనిపించవు.

సుక్మా నుంచి కొంటా వెళ్ళే జాతీయ రహదారి మీద దోర్నపాల్ ఉంది. అక్కడి నుంచి జగర్‌గుండకు చీలిన దారిలో పోలంపల్లి, చింతగుఫా, బుర్కాపాల్ దాటాక నలభై కిలోమీటర్లకు పైగా లోపల చింతలనార్ వస్తుంది. దేశానికి ఈ పేరు తెలిసింది 2010 ఏప్రిల్ 6న. ఇక్కడి సీఆర్‌పీఎఫ్ క్యాంపు నుంచి బయల్దేరిన దళం మీద తాడిమెట్ల దగ్గర మావోయిస్టులు మాటువేసి దాడి చేశారు. 76 మంది జవాన్లు చనిపోయారు. మరుసటి ఏడాది మార్చిలో మోర్పల్లి, తిమ్మాపురం, తాడిమెట్ల గ్రామాల్లో ఇళ్ళు తగలబడ్డాయి. 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్ దగ్గర ఇదే దారి పనికి కాపలాగా ఉన్న 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు బలయ్యారు. ఒక రోడ్డుకు ఇంత మూల్యం చెల్లించిన ప్రాంతాలు దేశంలో ఎక్కువ లేవు.

రోడ్డు లేని రోజుల్లో జగర్‌గుండకు సరుకులు భారీ బందోబస్తు మధ్య ఏడాదికి కొన్నిసార్లే చేరేవి. ఉప్పుకూ నూనెకూ అంత కష్టమైన చోట బెల్టులూ బేరింగులూ ఎవరికి గుర్తొస్తాయి? 2005లో సల్వాజుడుం మొదలయ్యాక వేలాది మంది ఊళ్ళు వదిలి అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వచ్చేశారు. మిరప కోతలకు గోదావరి తీరానికి రావడం వాళ్ళకు అంతకు ముందు నుంచే అలవాటు. దోర్లలు మాట్లాడేది తెలుగు కలగలిసిన భాష. కొంటా దాటితే చింతూరు, ఆ తర్వాత భద్రాచలం. కాబట్టి దక్షిణ బస్తర్‌లో యంత్రం గురించి మాట్లాడటమంటే పొరుగింటి సంగతి మాట్లాడటమే.

మిల్లు వచ్చాక ఊళ్ళో మారేది ముందు ఆడవాళ్ళ తెల్లవారుజాము. రోట్లో వడ్లు పోసి రోకలితో దంచడం, చెరగడం, మళ్ళీ దంచడం. ఇంటిల్లిపాదికీ ఒక పూట గింజల కోసం ఎంత సేపు పడుతుందో దంపుడు బియ్యం తిన్న తరానికి చెప్పనక్కర్లేదు. రేషన్ బియ్యం వస్తున్నాయి కదా అనవచ్చు. వస్తున్నాయి. 2012లో ఛత్తీస్‌గఢ్ సొంతంగా ఆహార భద్రత చట్టమే చేసింది. అయినా వానాకాలంలో ఒక్క పంట పండించుకునే కుటుంబం తన వడ్లను తనే ఆడించుకుని తింటుంది. కొర్ర, సామ, అరికె, రాగుల మీద ఆధారపడే ఇళ్ళూ ఉన్నాయి. 2021లో ఆ రాష్ట్రం మిల్లెట్ మిషన్ ప్రారంభించాక చిరుధాన్యాల యంత్రాల గురించి మాటలు పెరిగాయి. వడ్లకైనా చిరుధాన్యాలకైనా చిన్న యంత్రాల్లో ఎక్కువ భాగం తిరిగేది బెల్టు మీదే.

పల్లెల్లో తరాలుగా తెలిసిన మిల్లు ఎంగెల్‌బర్గ్ హల్లర్. బ్రెజిల్‌లో 1880ల్లో పుట్టిన ఈ ఇనుప యంత్రం ఆసియా పల్లెలన్నిటినీ చుట్టేసింది. దీనికున్న చెడ్డపేరు చిన్నదేం కాదు. క్వింటాలు వడ్లకు 53 నుంచి 55 కిలోల బియ్యమే దక్కుతాయి. అందులోనూ నూకలెక్కువ. ఊక, తవుడు కలిసిపోయి వస్తాయి. రబ్బరు రోలర్ల మిల్లు ఇంతకంటే చాలా మేలు. అయినా హల్లర్ నిలబడటానికి కారణం దాని సరళత్వం. ఒక ఇనుప గొట్టం, లోపల గాడులున్న రోలరు, అడుగున జల్లెడ. చెడిపోయేవి తక్కువ. అందులో ముందుగా చెడిపోయేదీ, మనిషి చేతిలో పూర్తిగా ఉండేదీ బెల్టే.

పాత మిల్లుల్లో తోలుదో, కాన్వాసు రబ్బరుదో బల్లపరుపు బెల్టు ఉండేది. హిందీవాళ్ళు ఇప్పటికీ ‘పట్టా’ అనే పిలుస్తారు. అది పొడుగ్గా, వదులుగా, చప్పట్లు కొడుతూ తిరిగేది. దాంట్లో ఒక సుగుణం ఉంది. తెగితే కుట్టుకోవచ్చు. తోలు దారంతోనో ఇనుప కొక్కేలతోనో అతికి మళ్ళీ నడిపించేవాళ్ళు. తర్వాత అంచులు వాలుగా ఉండే వీ-బెల్టు వచ్చింది. 1917లో అమెరికాలోని డెన్వర్‌కు చెందిన జాన్ గేట్స్ దీన్ని తయారు చేశాడని చెబుతారు. ఇది చోటు తక్కువ తీసుకుంటుంది, పట్టు ఎక్కువ ఇస్తుంది. కానీ ఇది అతుకు లేని చక్రం. తెగిందంటే కుట్టడం కుదరదు, దుకాణానికి వెళ్ళాల్సిందే. ముక్కలు కలుపుకునే లింకు బెల్టులు ఉన్నా వాటి ఖరీదు వేరు. అంటే కొత్త బెల్టు మిల్లుకు బలాన్నిచ్చి, ఊరిని బజారుకు కట్టేసింది. బజారు దగ్గరున్న చోట ఈ బేరం లాభమే. లేని చోట జాగ్రత్త ఒక్కటే దారి.

ఆ జాగ్రత్త ఏమిటో తెలియాలంటే బెల్టు ఎక్కడ పట్టుకుంటుందో తెలియాలి. వీ-బెల్టు పుల్లీ గాడి అడుగున కూర్చోదు. రెండు పక్కగోడల మధ్య మేకులా బిగుసుకుంటుంది. బెల్టు అంచుల మధ్య కోణం దాదాపు 40 డిగ్రీలు. ఈ వాలు వల్లే అదే బిగువుతో బల్లపరుపు బెల్టు ఇచ్చే పట్టుకు దాదాపు మూడింతలు వస్తుంది. బెల్టు అరిగి సన్నబడినా, గాడి అరిగి వెడల్పయినా బెల్టు కిందికి దిగిపోతుంది. పుల్లీ గాడి అడుగు అద్దంలా మెరుస్తోందంటే బెల్టు అక్కడ రాసుకుంటోందని గుర్తు. అప్పుడు ఎంత బిగించినా ఉపయోగం ఉండదు. బెల్టు మార్చాలి, లేదా పుల్లీ మార్చాలి. చాలా చోట్ల జరిగేది మూడోది. మరింత బిగిస్తారు.

బిగింపే అసలు కిటుకు. బెల్టు వదులైతే బరువు పడగానే జారుతుంది. వడ్లు పోయగానే కీచుమని అరుస్తుంది. జారిన చోట రాపిడి, రాపిడితో వేడి. వేడి బెల్టుకు చెదలాంటిది. బెల్టు వేడి పది డిగ్రీలు పెరిగితే ఆయువు సగానికి పడిపోతుందని పరిశ్రమలో చెప్పుకునే లెక్క. అంచులు గాజులా నున్నబడి, లోపలి వైపు అడ్డంగా పగుళ్ళు వస్తాయి. మరోవైపు మరీ బిగిస్తే బెల్టు ఊరుకుంటుంది కానీ బేరింగు ఊరుకోదు. ఇరుసును పక్కకు లాగే బలమంతా దాని మీదే పడుతుంది. మిల్లు ఆపిన వెంటనే బేరింగు గూడు మీద చెయ్యి పెట్టలేనంత కాలుతోందంటే బెల్టు మరీ బిగువుగా ఉందేమో చూడాలి. వదులుకు పోయేది బెల్టు, అతి బిగువుకు పోయేది బేరింగు. రెండోదాని ఖర్చు మొదటిదాన్ని మించుతుంది.

మరి సరైన బిగువెంత? దీనికి ఇంజనీర్లకు ఒక సూత్రం ఉంది. రెండు పుల్లీల మధ్య బెల్టు సాగిన దూరంలో ప్రతి వంద మిల్లీమీటర్లకు 1.6 మిల్లీమీటర్ల చొప్పున బెల్టు నడిమధ్యన కిందికి వంగాలి. ఆ దూరం 60 సెంటీమీటర్లయితే వంపు దాదాపు ఒక సెంటీమీటరు. అంత వంగడానికి ఎంత బలం పట్టాలో తయారీదారుల పట్టికలో ఉంటుంది. పట్టిక దొరికితే కొలత సులువు. సంతలో చింతపండు తూచే కొక్కెం త్రాసుతోనే బెల్టును మధ్యలో పట్టి లాగవచ్చు. బెల్టు మీదుగా ఒక పుల్లీ నుంచి మరో పుల్లీకి తాడు లాగి పట్టుకుంటే ఎంత వంగిందో కనిపిస్తుంది. బొటనవేలితో నొక్కి చూడటం తప్పు కాదు. కానీ ఒకరి బొటనవేలి బలం మరొకరికి ఉండదు. ఒకసారి త్రాసుతో కొలిచి వేలికి అలవాటు చేసుకుంటే ఆ తర్వాత వేలు మోసం చెయ్యదు.

కొత్త బెల్టు విషయంలో చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. వేసిన రోజు సరిగ్గా బిగించి, పనైపోయిందనుకుంటారు. కొత్త బెల్టు మొదటి ఒకటి రెండు రోజుల పనిలో గాడిలో సర్దుకుని కొంచెం సాగుతుంది. అప్పుడు మళ్ళీ బిగించకపోతే అది జారడం మొదలై నెలల్లో పోతుంది. తప్పు బెల్టు మీదికి పోతుంది. నాసిరకం అంటారు. నిజానికి రెండోసారి పానా పట్టకపోవడమే కారణం. చక్కగా అమర్చిన వీ-బెల్టు ఇంజిన్ బలంలో 95 నుంచి 98 శాతం మిల్లుకు అందిస్తుంది. పట్టించుకోకుండా వదిలేస్తే అది అయిదు శాతం దాకా పడిపోతుంది. డీజిల్ డబ్బాల్లో మోసుకొచ్చుకునే చోట ఆ అయిదు శాతం కూడా తలకెత్తుకుని తెచ్చిందే.

పుల్లీలు ఒకే వరుసలో ఉండటం మరో సంగతి. ఇంజిన్ పుల్లీ, మిల్లు పుల్లీ ఒకదానికొకటి సూటిగా లేకపోతే బెల్టు ఒక అంచే అరుగుతుంది. దాన్ని చూడటానికి పరికరం అక్కర్లేదు. రెండు పుల్లీల ముఖాల మీదుగా ఒక దారం బిగించి లాగితే నాలుగు చోట్ల తాకాలి. తాకకపోతే ఇంజిన్ బోల్టులు వదిలి సర్దాలి. మట్టి నేల మీద, కర్ర దిమ్మెల మీద బిగించిన ఇంజిన్ ఒక వానకాలం గడిచేసరికి పక్కకు జరుగుతుంది. అందుకే దారం పరీక్ష వానలకు ముందొకటి, తర్వాతొకటి.

చెయ్యకూడని పనుల జాబితా చిన్నదే కానీ గట్టిది. బెల్టు ఎక్కించడానికి గునపంతోనో స్క్రూ డ్రైవర్‌తోనో పుల్లీ మీదికి తన్నకూడదు. లోపలున్న తాళ్ళు తెగుతాయి. బయటికేమీ కనిపించదు, పదిహేను రోజులకు బెల్టు తెగుతుంది. ఇంజిన్ బోల్టులు వదులు చేసి, దగ్గరికి జరిపి, చేత్తో ఎక్కించాలి. పక్కపక్కన రెండు మూడు బెల్టులుంటే ఒకటి తెగినా అన్నీ మార్చాలి. పాతవి సాగి ఉంటాయి కాబట్టి బరువంతా కొత్తదాని మీదే పడుతుంది. తీసిన పాతవాటిలో మంచిదాన్ని దాచుకుంటే ఆపద్ధర్మానికి పనికొస్తుంది. జారుతోందని గుగ్గిలం పొడి చల్లడం పాత పట్టాల నాటి అలవాటు. వీ-బెల్టుకు అది మందు కాదు, జబ్బు. నూనె, గ్రీజు తగలకూడదు. తగిలితే ఇంజిన్ ఆపి పొడి గుడ్డతో తుడవాలి.

పట్నంలో పచ్చిక కోసే యంత్రానిదీ ఇదే కథ. హైదరాబాద్‌లో అపార్టుమెంట్ల లాన్‌లను చదును చేసే మోటారు యంత్రంలో ఇంజిన్ నుంచి చక్రాలకు బలం అందించేది సన్నని వీ-బెల్టే. హ్యాండిల్‌కున్న మీట నొక్కితే కేబుల్ లాగి బెల్టును బిగిస్తుంది, వదిలితే బెల్టు వదులై బండి ఆగుతుంది. నడవకుండా మొరాయిస్తే తోటమాలి ముందు స్పార్క్ ప్లగ్గు తీగ తీసేసి, కేబుల్ నట్టు తిప్పి బిగువు సరిచేసి, అప్పటికీ దారికి రాకపోతే బెల్టు మారుస్తాడు. ఆ పుస్తకం యంత్రంతో పాటే వస్తుంది. పల్లె మిల్లుకు వచ్చే పుస్తకం, వస్తే గిస్తే, ఇంగ్లిషులోనో హిందీలోనో ఉంటుంది. గోండీలోనో దోర్లీలోనో మాట్లాడే మనిషికి బొమ్మలే దిక్కు. లాన్ యంత్రం బెల్టు తెగితే గడ్డి రెండంగుళాలు పెరుగుతుంది. అంతకు మించి నష్టం లేదు.

దుకాణంలో సరైన బెల్టు అడగడం కూడా ఒక విద్యే. బెల్టు వీపు మీద ‘బి 63’ అని ఉంటే ‘బి’ దాని మందం తరగతి. అంటే పైన 17 మిల్లీమీటర్ల వెడల్పు, 11 మిల్లీమీటర్ల లోతు. 63 అంటే లోపలి చుట్టుకొలత అంగుళాల్లో. ‘ఎ’ రకం అయితే 13 మిల్లీమీటర్ల వెడల్పు, ‘సి’ అయితే 22. చిక్కేమిటంటే తెగే నాటికి ఈ అక్షరాలు చెరిగిపోయి ఉంటాయి. సాగిపోయిన పాత బెల్టును కొలిస్తే అంకె తప్పుతుంది. దోర్నపాల్ దాకా వెళ్ళి తప్పు సైజు తెచ్చుకుంటే ప్రయాణం రెండింతలు. కొత్త బెల్టు వేసిన రోజే ఆ అంకెను మిల్లు గోడ మీద రంగుతో పెద్దగా రాసి పెట్టడానికి ఖర్చేమీ లేదు.

అదనపు బెల్టు కొనిపెట్టుకుంటే దాన్ని దాచడమూ తెలియాలి. ఎండ తగలకుండా, డీజిల్ డబ్బాకు దూరంగా, మెలికలు పడకుండా చుట్టి పెట్టాలి. సన్నటి మేకుకు నెలల తరబడి వేలాడదీస్తే ఆ చోట వంపు పడి అక్కడే పగులుతుంది. ఎలుకల సంగతి వడ్లున్న ఇంటివాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

అన్నిటి కంటే ముఖ్యమైన మాట బెల్టు ఆయువు గురించి కాదు, మనిషి ఆయువు గురించి. తిరిగే బెల్టు, పుల్లీ కలిసే చోట చీర కొంగు, తువ్వాలు, జడ, వేలు ఏది పడినా వదలదు. నూర్పిడి యంత్రాల్లో చేతులు పోగొట్టుకున్న వాళ్ళ గోడు వినిపించాకే 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసింది. అది ప్రధానంగా నూర్పిడి యంత్రాలను ఉద్దేశించినది. కదిలే భాగాలకు కంచె ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పింది కానీ, ఇద్దరు ముగ్గురు పనిచేసే పల్లె మిల్లు ఆ చట్టం లెక్కలోకే రాలేదు. కాబట్టి ఇనుప జాలీయో, వెదురు తడకో ఊరే కట్టుకోవాలి. బెల్టును చూడాలన్నా, తాకాలన్నా, తుడవాలన్నా ఇంజిన్ పూర్తిగా ఆగాలి. తిరుగుతున్న బెల్టును కర్రతో నెట్టి ఎక్కించే మొనగాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. అది నేర్పు కాదు. ప్రాణాలతో చెలగాటం. ఆసుపత్రికి చేరడమే గగనమైన చోట దాని పర్యవసానం ఊహించుకోవచ్చు.

ఇదంతా రాకెట్ శాస్త్రం కాదు. ఒక దారం, ఒక త్రాసు, రెండు పానాలు, నెలకో గంట. మరి ఎందుకు జరగదు? యంత్రం మంజూరు చేసే కాగితంలో యంత్రం ఉంటుంది. రాయితీ శాతం ఉంటుంది. ప్రారంభోత్సవానికి రిబ్బను, ఫొటో ఉంటాయి. అదనపు బెల్టు ఉండదు. బెల్టు బిగించడం నేర్పే పూట ఉండదు. ఏడాది తర్వాత వచ్చి తిరుగుతోందా అని అడిగే అధికారి ఉండడు. ఆగిపోయిన యంత్రం మీద కోళ్ళు ఎక్కి కూర్చుంటాయి. వాళ్ళకు వాడుకోవడం రాదు అనే మాట సులువుగా వచ్చేస్తుంది. వాడుకోవడం రాకపోవడం వేరు, బాగు చేసుకునే సామాను అందకపోవడం వేరు.

ఇక్కడ మరో సంగతీ ఉంది. మిల్లు ముందు వరుసలో నిలబడేది ఆడవాళ్ళు. మిల్లు ఆగితే రోకలి ఎత్తేదీ వాళ్ళే. కానీ పానా మాత్రం మగవాడి చేతిలో ఉంటుంది. అతను మిరప కోతలకు వెళితే మిల్లుకు దిక్కుండదు. చిన్న యంత్రాలు మహిళా సంఘాలకు అప్పగిస్తున్న రోజుల్లో బెల్టు మార్చడం కూడా వాళ్ళకే నేర్పడం ఇంగిత జ్ఞానం. బోల్టు వదులు చెయ్యడానికి కావలసింది కండ కాదు, పొడుగు పిడి ఉన్న పానా. బరువైన రోకలిని గంటల తరబడి ఎత్తిన చేతులకు అది పెద్ద పనేం కాదు.

రోడ్డు వేయడమంటే సరుకు లోపలికి పోవడమే కాదు, పనితనం కూడా లోపలికి పోవాలి. దోర్నపాల్ దారి కోసం ఎన్ని ప్రాణాలు పోయాయో అందరికీ తెలుసు. ఆ దారి మీదుగా వెళ్ళే మొదటి యంత్రం ఫొటోలో బాగానే ఉంటుంది. ఊరికి మేలు జరిగిందా లేదా అన్నది మూడో బెల్టు దగ్గర తేలుతుంది. మొదటి బెల్టు యంత్రంతో వస్తుంది, రెండోది ఎవరో తెచ్చిస్తారు. మూడోదాన్ని ఊరు తనంతట తాను సైజు చెప్పి కొనుక్కుని, బిగువు చూసి వేసుకున్న రోజున ఆ మిల్లు ప్రభుత్వానిది కాదు, ఊరిది అవుతుంది. మంజూరు పత్రాల్లో ఇంకో రెండు బెల్టులకూ, ఒక పూట శిక్షణకూ చోటివ్వడం ఏ ఖజానాకూ భారం కాదు.